వెర్నా పెట్టని సంతకం

ఆ పొద్దున పోలీసులు నాకు ఫోను చేసినప్పుడు ఆ కారు మా అక్కదని వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. గుద్దుకుని నుజ్జయిన బండ్లను లాక్కెళ్లే ట్రక్కు నాది. మా ఊరు హూమా చుట్టుపక్కల ఎక్కడ ప్రమాదం జరిగినా నన్నే పిలుస్తారు. చెరకు తోటల మలుపులో పైపుల లారీ ఒకటి అడ్డం తిరిగి ఉంది. దాని కింద సగం దూరిపోయిన ఆకుపచ్చ కారు. ఇనప పైపొకటి ముందు అద్దం పగలగొట్టుకుని లోపలికి వెళ్లి, వెనక అద్దంలోంచి బయటికొచ్చింది. నడిపే మనిషి తలకి జానెడు దూరంలోంచి.

"రెమీ, నువ్వేనా? నా కాలు ఎక్కడుందో తెలీడం లేదురా" అంది లోపలినుంచి ఒక గొంతు.

మా అక్క వెర్నా. బడిలో పిల్లలకు వంట చేసి పెట్టేది. పనికి బయలుదేరి దారిలో ఇలా చిక్కుకుంది.

ఆమెను బయటికి తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. ఫైరింజను వాళ్లు రేకు కోస్తుంటే నిప్పురవ్వలు ఆమె జుట్టు మీద పడుతున్నాయి. నేను అరచేత్తో ఆర్పుతూ నిలబడ్డాను. ఇంజను వెనక్కి జరిగి కుడి మోకాలిని సీటుకి అదిమేసింది. రేకు పైకి లేపగానే మోకాలి కింది ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా కనిపించింది. అక్క పెట్టిన కేకకి తోటలో కొంగలన్నీ లేచిపోయాయి. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ రోజు మొదటిసారి రోడ్డు పక్కకి పోయి కక్కుకున్నాను.

లారీ నడిపిన హోలిస్‌కి ఇరవై ఆరేళ్లుంటాయి. మొహమంతా రక్తంతో రోడ్డంచున కూర్చుని, "కన్ను మూతపడింది, ఒక్క క్షణమే" అని అదే మాట గొణుగుతున్నాడు.

రెండు ఆపరేషన్లయ్యాక, పదో రోజున, ఆ లారీ సొంతదారైన పైపుల కంపెనీ తరఫు ఇన్సూరెన్సు మనిషి ప్రూయెట్ ఆస్పత్రికి వచ్చాడు. ఒక చేతిలో పూలు, ఇంకో చేతిలో కాగితాలు.

"చాలా బాధపడ్డారమ్మా. ఇక కేసు వెయ్యనని ఇక్కడొక సంతకం పెట్టండి, ఇరవై వేల డాలర్ల చెక్కు ఇప్పుడే ఇచ్చేస్తాను. లాయర్ల జోలికి వెళ్లారంటే అందులో మూడో వంతు వాళ్లే మింగేస్తారు. పైగా ఏళ్లూ పూళ్లూ పడుతుంది."

"ఇంకో ఆపరేషన్ కావాలంటున్నాడు డాక్టరు."

"డాక్టర్లు అలాగే అంటార్లెండి."

మంచం పక్కన ఉన్న మా బావ క్లోవిస్ ఆ పూలు లాక్కుని గోడకేసి కొట్టాడు. రొయ్యల పడవ మీద వలలు లాగే చేతులవి.

"నీ చెక్కూ వద్దు, లాయరూ వద్దు. దీని కాలు విరగ్గొట్టినవాడి కాళ్లు రెండూ విరగ్గొడతా. మా తాతల నాటినుంచీ మా పద్ధతి అదే. నడువ్ బయటికి!"

"నోరు మూసుకో క్లోవిస్. విరిగింది నా కాలు, నీది కాదు. నన్ను ఆలోచించుకోనీ" అంది అక్క.

కాగితాలు దిండు కింద పెట్టుకుంది. నాలుగు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది. ఊళ్లో సగం మందికి అన్నం పెట్టేది ఆ పైపుల కంపెనీయే. "లాయర్ని పెడితే, డబ్బు కోసం కుంటుతోంది అంటారు రెమీ. పెట్టకపోతే నిజంగానే కుంటుతూ బతకాలి" అంది నాతో.

ఆదివారం మధ్యాహ్నం క్లోవిస్ నా ట్రక్కులోంచి చక్రాలు విప్పే ఇనప కడ్డీ తీసుకున్నాడు. ఆపడానికే వెంట వెళ్లానని అందరికీ చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు.

హోలిస్ ఇంటి ముందు ఉతికిన బట్టలు ఆరేస్తున్నాడు. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. రెండోది పక్కటెముకల మీద. వాడు తిరిగి చెయ్యెత్తలేదు. తడి దుప్పటితో పాటు నేల మీద పడి, చేతులు తలకి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"పద్దెనిమిది గంటలు నడిపించారన్నా! నా వల్ల కాదన్నాను! నడిపిన గంటలు రాసే పుస్తకాలు రెండు రాయించారు, ఒకటి దొంగది..."

మూడో దెబ్బ దవడ మీద పడింది. ఎండుకర్ర విరిగినట్టు చప్పుడైంది. అప్పుడు గానీ నాకు కాళ్లు కదల్లేదు. వెనకనుంచి పట్టుకుంటే క్లోవిస్ మోచెయ్యి నా మూతికి తగిలి పన్ను ఊడిపోయింది. హోలిస్ పెళ్లాం తుపాకీతో బయటికొచ్చి గాల్లోకి పేల్చాక కడ్డీ కింద పడింది. పోలీసులు వచ్చేదాకా క్లోవిస్ అక్కడే నిలబడి, తన చేతుల్నే చూసుకుంటున్నాడు.

జరిగింది చెబితే అక్క నన్ను మంచం మీదినుంచే చాచి కొట్టింది.

"వాణ్ని చావగొడుతుంటే నిలబడి చూశావా?"

చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని అడిగింది. "పద్దెనిమిది గంటలన్నాడా? పుస్తకాలు రెండా?"

మర్నాడే లాయర్ని పిలిపించింది. టీవీ ప్రకటనల్లో అరిచే లాయర్లలో ఒకణ్ని కాదు. చెప్పుల కొట్టు పై అంతస్తులో ఆఫీసున్న ఒడెట్ అనే ముసలావిడని. ఆవిడ అంతా విని కళ్లజోడు తీసింది.

"నువ్వు కొట్లాడాల్సింది ఆ కుర్రాడితో కాదమ్మా, వాణ్ని నిద్రపోనివ్వని వాళ్లతో. కానీ మనకున్న సాక్ష్యం వాడి నోరొక్కటే. దాన్ని మీ ఆయన పగలగొట్టాడు. వాడి దగ్గరికి నేను వెళ్తాను. నువ్వు మాత్రం వాడి దగ్గర కేసు ఊసెత్తకు."

ప్రూయెట్ కాగితాలు సంతకం లేకుండానే వెనక్కి వెళ్లాయి.

హోలిస్ అదే ఆస్పత్రిలో, రెండంతస్తుల కింద ఉన్నాడు. అక్క చక్రాల కుర్చీలో అక్కడికి తీసుకెళ్లమంది. పళ్లన్నీ తీగతో కట్టేసిన ఆ మొహం చూసి నేను తల తిప్పుకున్నాను. ఆమె తిప్పుకోలేదు.

"నా మొగుడు చేసింది తప్పు. అది చెప్పడానికే వచ్చాను. ఇంకేం అడగను."

అతను పలక మీద రాశాడు. 'మీ కాలు?'

"ఉంది. వంగదు."

కన్నీళ్లు దవడ కట్టు మీదికి కారుతుండగా మళ్లీ రాశాడు. 'మీ ఆయన మీద కేసు వెనక్కి తీసుకోను.'

"తీసుకోమని నేనడిగానా?"

ఆ వారమే కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. అసలు లెక్కలున్న పుస్తకాన్ని అతని పెళ్లాం తెచ్చి ఒడెట్ చేతికిచ్చింది. కంపెనీ మీద కేసు పడగానే ఊరు మా మీద తిరగబడింది. అక్క వంటింటి కిటికీలోంచి ఇటుక వచ్చి పడింది. నా ట్రక్కు టైర్లు నాలుగూ కోసేశారు. అక్క ఆ కిటికీకి చెక్క కొట్టించింది తప్ప కేసు వదల్లేదు. ఏడాది తిరక్కుండానే, కోర్టు మెట్లెక్కకముందే కంపెనీ దిగొచ్చి పరిహారం కట్టింది. మూడో ఆపరేషన్ జరిగింది. అయినా మోకాలు వంగలేదు. బడి వంటగదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని వండుతోంది.

క్లోవిస్‌కి ఎనిమిది నెలలు జైలు పడింది. విడుదలైన రోజు అతన్నీ అక్కనీ నా ట్రక్కులోనే తీసుకొచ్చాను. చెరకు తోటల మలుపు దాటాం.

"నేను ఆ రోజు కొట్టకపోతే వాడు నిజం కక్కేవాడా?" అన్నాడు క్లోవిస్, కొంచెం ఆశగా.

"నువ్వు కొడుతుంటే దవడ విరక్కముందే చెప్పాడు. రెమీ విన్నాడు" అంది అక్క. "నీకే వినబడలేదు."