గాలి కదిలాకే

పరదేశి దండెం తీగ మీద చూపుడువేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా లాగాడు. వేలు నల్లబడింది. "దిక్కుమాలిన పొగ, ఇంకా లేవనేదు" అని గొణుక్కుంటూ వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

రాయపూర్‌లో బండి దిగిన డ్రైవర్లు పడుకుని లేచే రన్నింగ్ రూములో ఇరవై ఆరేళ్లుగా దుప్పట్లు ఉతికేది అతనే. పొట్టి మనిషి. సోడానీళ్లలో నానీ నానీ అరచేతులు తెల్లగా ముడతలు పడిపోయాయి. పెరట్లో రెండు గంగాళాల నిండా పిండిన దుప్పట్లు ఉన్నాయి. జనవరి ఆఖరు, ఉదయం ఎనిమిది. సూర్యుడు ఉన్నాడంటే ఉన్నాడు, తోమని రాగిచెంబులా.

"ఏమయ్యా పరదేశీ, ఆరేస్తావా, ముహూర్తం పెట్టించమంటావా?" వరండాలోంచి కేకేశాడు కేర్‌టేకర్ చెన్నకేశవులు. "పన్నెండుకి మూడు బళ్లవాళ్లు దిగుతారు. మంచాలు బోసిగా ఉంటే మాట పడేది నేను."

"గాలి కదలనివ్వండి బావూ. ఇప్పుడారేత్తే అన్నీ మసిగుడ్డలే."

ఆ పాఠం ఊరికే రాలేదు. వచ్చిన కొత్తలో పార్వతీపురం అలవాటు కొద్దీ తెల్లారకుండానే ఆరేసేవాడు. నాగావళి గట్టున అదే పద్ధతి మరి. ఇక్కడేమో అవి ఆవిరింజన్ల రోజులు, ఇంటింటా బొగ్గుకుంపట్లు. ఒక డ్రైవరు అలా ఆరేసిన దుప్పటి మీద పడుకుని లేస్తే దుప్పటి మీద అతని ఆకారం, కాలివేళ్లతో సహా, తెల్లగా దిగింది. మసంతా వీపుకి అంటుకుంది. రన్నింగ్ రూమంతా నెలరోజులు ఒకటే నవ్వు.

అప్పట్నుంచి పరదేశి ఈ ఊరి గాలికి శిష్యుడైపోయాడు. ఎండాకాలం మధ్యాహ్నం వడగాలికి ఎర్రమొరం దుమ్ము లేస్తుంది కాబట్టి పొద్దున్నే ఆరేసి పదింటికల్లా తీసెయ్యాలి. చలికాలం అంతా తలకిందులు. రాత్రి చలికి పొగ నేలకి అతుక్కుపోతుంది, ఎండ ముదిరి గాలి కదిలేదాకా పైకి లేవదు. ఆవిరింజన్లు పోయాయి కదా అనుకుంటే ఉర్లా వైపు ఇనప ఫ్యాక్టరీల కొలుములు వచ్చాయి. వానాకాలం గాలి కడిగిన కంచంలా ఉంటుంది, కానీ దుప్పటి ఆరి చావదు!

అయినా ఇవాళ అతని బెంగ దుప్పట్ల గురించి కాదు. పన్నెండుకి దిగేవాళ్లలో గూడ్సు డ్రైవరు సత్తిరాజు ఉన్నాడు. బొబ్బిలి మనిషి, టిట్లాగఢ్ నుంచి బండి తెస్తాడు. పదేళ్లుగా ఆయాసం. చలికాలం ఇక్కడ పడుకోలేడు, మంచం మీద కూర్చుని దగ్గుతూనే ఉంటాడు. సాయంత్రం తీసుకెళ్లే బండే అతని సర్వీసులో ఆఖరిది. ఊరికి వెళ్లిపోయేముందు ఈ ఒక్కపూటైనా ఆ మనిషి కంటినిండా నిద్రపోవాలి. పరదేశికి కావలసింది అంతే.

తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. గాలి లేదు. చెన్నకేశవులు మెట్లు దిగి వచ్చాడు.

"రిపోర్టు రాస్తానయ్యా నీ మీద!"

"రాసుకోండి బావూ."

అన్నాడే గానీ చూపంతా గేటు బయటి టీబడ్డీ పొగ మీదే ఉంది. పది దాటాక ఆ పొగ ఉన్నట్టుండి తూర్పుకి వంగింది. పరదేశి ఎగిరి గంతేసినంత పని చేశాడు. తీగ తుడిచాడు, దుప్పట్లు దులిపి దులిపి వేశాడు. పన్నెండుకి అవి పెళపెళలాడుతూ ఎండవాసన కొడుతున్నాయి. మొదటిది మూలమంచానికి పరిచి కిటికీ మూశాడు.

సత్తిరాజు మూడు మెట్లూ మూడుసార్లు ఆగి ఎక్కాడు.

"ఏరా పరదేశీ, బతికే ఉన్నావా?"

"మీరెల్లేదాకా సావను గానీ, ఎల్లి తొంగోండి బావూ."

భార్య అప్పలనరసమ్మ కట్టిచ్చిన అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని పరదేశి గుమ్మం పక్కన కూలబడ్డాడు. మూత తియ్యలేదు. లోపల ఒక దగ్గు వినిపించింది. ఊపిరి బిగబట్టాడు. ఇంకోటి. ఆ తర్వాత గురక. అబ్బ, పెళ్లి సన్నాయి కూడా అంత ఇంపుగా వినలేదు అతను! అప్పుడు తీశాడు మూత. చేపలపులుసు.

అటుగా వచ్చిన చెన్నకేశవులు గుమ్మం దగ్గర ఆగి చెవి ఒగ్గాడు. "సత్తిరాజేనా?" అన్నాడు గొంతు తగ్గించి. పరదేశి తలూపగానే, "సరేలే, నెగ్గావు" అని వెళ్లిపోయాడు.

అయిదింటికి సత్తిరాజు ఇనప్పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహం తేటగా ఉంది.

"ఈ ఊళ్లో నిద్రంటూ పోయింది ఇయ్యాలేరా" అని పరదేశి భుజం గట్టిగా నొక్కి, వెనక్కి చూడకుండా యార్డు వైపు నడిచాడు. కాసేపటికి కూత వినిపించింది. బండి మందిర్ హసౌద్ మీదుగా టిట్లాగఢ్ దారి పట్టింది.

పరదేశి దుప్పటి తియ్యడానికి మూలమంచం దగ్గరికి వెళ్లాడు. గోడకొక్కేనికి సత్తిరాజు ఉన్ని మఫ్లరు వేలాడుతోంది. "అయ్యో, మర్సిపోనాడు!" అని తీసుకుని వరండాలోకి పరిగెత్తాడు. అప్పుడు చూశాడు, అది నాలుగు మడతలు పెట్టి ఉంది. మర్చిపోయే మనిషి మడత పెడతాడా! ఈ పొగ లేని బొబ్బిలిలో దీంతో పనేముంది? నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి పరదేశికి.

మడత విప్పి చూశాడు. బూడిదరంగు ఉన్ని, మధ్యలో ముక్కూ నోరూ ఆనేచోట అరచెయ్యంత మేర తారులా నల్లగా ఉంది.