రెండు వేళ్ళ కొలత

మా మామ రామసామికి టేపు అంటే పడదు. "టేపు పెట్టి రేకు లాగేవాడు మేస్త్రీ కాదు, టైలరు" అంటాడు. ధర్మపురిలో, సేలం రోడ్డు మీదున్న మా టింకరింగ్ షెడ్డులో ఇప్పటికీ కొలతంటే ఆయన చూపుడువేలు, నడిమివేలు వెడల్పే. రేకును ఒక వేలు లాగాలి, లేదంటే రెండు వేళ్ళు. అంతే.

ఆ రెండు వేళ్ళే ఉదయకుమార్ ఎర్ర స్పోర్ట్స్ కారు దగ్గర నా ప్రాణం మీదికి తెచ్చాయి. కడత్తూరులో బట్టల కొట్టు నడుపుతూ కారు పందేలకు తిరిగే మనిషి అతను. మర్నాటి కోయంబత్తూరు పందేనికని వెనక చక్రాలకు వెడల్పు టైర్లు వేయించాడు. అవి మడ్‌గార్డు అంచుకు రాసుకుంటున్నాయి. అంచు వేడిచేసి, లోపలికి మడిచి, రేకును బయటికి సాగదీయాలి.

ఎడమ పక్క మామ చేశాడు. కుడి పక్క నాకిచ్చాడు. కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆయన సుత్తి కొడుతుంటే రేకు వెనక ఇనుప దిమ్మె అదిమిపట్టడం, పుట్టీ గీకడం, ఇవే నా పనులు. సుత్తి నా చేతికి రావడం ఇదే మొదలు.

"రెండు వేళ్ళు. రేకు చినిగిందంటే మళ్ళా పుట్టీ గీకేదానికే పోతావు సత్యా, చూసుకో," అన్నాడు.

రెండు వేళ్ళే లాగాను. రేకు పగల్లేదు, రంగు లేవలేదు. లోలోపల పొంగిపోయాను. తీరా టీ గ్లాసు పట్టుకుని బండి వెనక నిలబడి చూద్దును కదా, ఎడమ పక్క ఉబ్బి ఉంది, కుడి పక్క బక్కగా ఉంది. ఒక బుగ్గన తాంబూలం పెట్టుకున్న ముఖంలా ఉంది బండి.

"మామా, నీ చెయ్యి చూపించు."

చూపించాడు. జన్మంతా సుత్తి పట్టిన చెయ్యి. కణుపులు ఉబ్బి వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. పక్కన నా వేళ్ళు పెట్టాను. ఆయన ముఖం వాడిపోయింది. ఎప్పుడూ రెండు పక్కలూ ఆయనే చేసేవాడు గనుక కొలత పెరిగిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. టైరుకు నా పక్క సరిగ్గా చాలింది. ఎక్కువైంది ఆయన పక్కే.

"నాది లోపలికి కొడదాం," అన్నాడు మెల్లగా.

"సాగిన రేకు అణగదు మామా, ముడత పడతాది. నాదే ఇంకా లాగల్ల."

"ఇప్పుటికే పల్చగయింది. చినిగితే?"

చిరిగితే అది నా చేతిలో చిరిగినట్టే. తప్పు ఆయనది, పుట్టీ గీకుడు నాకు. ఒళ్ళు మండిపోయింది. అంతలో ఉదయకుమార్ ఫోను చేశాడు, బయల్దేరానని.

"రా అప్పా, ముగిసిపోయింది," అని మామ అబద్ధమాడాడు.

ఫోను జేబులో పెట్టుకుని, నేల మీద పడుకుని, చక్రం విప్పిన ఖాళీలోకి ఆయనే దూరి దిమ్మె ఆనించాడు. నేను హీట్‌గన్ పట్టాను. రేకు కాగాక ఒక దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ. మూల దగ్గర కిర్రుమంది.

"ఆపు." లోపల తడిమి చూశాడు. "చినగలేదు. ఇంకొంచెం వేడి పెట్టు."

"నీ చెయ్యి కాలతాది మామా."

"నా చెయ్యి కత నీకెందుకు? రేకు చూడు."

చూశాను. కొట్టాను. ఏడుపొస్తున్నా దెబ్బ తప్పనివ్వలేదు. ఆఖరి దెబ్బకు అంచు ఎడమ పక్కతో సమానంగా వచ్చి నిలిచింది.

చక్రం బిగించేసరికి ఉదయకుమార్ దిగాడు. బండి వెనక చాలాసేపు నిలబడ్డాడు. వంగి రెండు అంచులూ తడిమాడు.

"అచ్చు దించినట్టుండాది మేస్త్రీ. నీ చెయ్యి చెయ్యే. తిరిగొచ్చినాక ముందర మడ్‌గార్డులు కూడా నువ్వే చెయ్యల్ల."

మామ బొబ్బలెక్కిన చేతిని పంచెకు తుడుచుకున్నాడు. సరే అంటాడని పళ్ళు కొరుక్కుంటూ సామాను సర్దసాగాను.

"ముందరివి దీన్ని అడుగు," అన్నాడు నన్ను చూపించి. "సుత్తి దీనిది. నేను దిమ్మె పట్టుకుంటా."

పెద్దాయన వేళాకోళమాడుతున్నాడని ఉదయకుమార్ నవ్వాడు. మామ నవ్వలేదు.