ఊడుపు గడ్డలు

చౌడమ్మ గొంతుక్కూర్చుని ఉల్లి కుప్పను తిరగేస్తోంది. మెత్తబడినవి ఎడమకు, గట్టివి కుడికి. గోళ్ల సందుల్లో పేరుకున్న మసి ఎంత తోమినా పోయేది కాదు. చీర కుచ్చెళ్లు పైకెత్తి దోపుకుంది. మోకాళ్లు కాయలు కాచి నల్లబడి ఉన్నాయి. లేవాలంటే పక్కనున్న సంచినో మనిషినో పట్టుకోవాలి. పొద్దున్నుంచి తల వెనక నరం లాగుతోంది. అలవాటైన నొప్పే కదా అని ఊరుకుంది.

కర్నూలు మార్కెట్ యార్డులోని ఈ ఉల్లి మండీలో ఆమెకు జీతమంటూ లేదు. పొద్దున వచ్చి గడ్డలు ఏరాలి, తూకం అయ్యాక కాటా చుట్టూ ఊడ్వాలి. సంచుల చిరుగుల్లోంచి రాలినవి, హమాలీల కాళ్ల కింద నలక్కుండా మిగిలినవి ఆమెవి. దాన్నే ఊడుపు అంటారు. పాత సావుకారు దేవేంద్రప్ప ఏనాడో నోటితో చెప్పిన మాట అది. సాయంత్రం ఆ గడ్డల్ని మూటగట్టి తీసుకుపోయి, పాత బస్టాండు దగ్గర గోనెపట్టా మీద పోసి అమ్ముకుంటుంది. మొగుడు పోయాక కూతుర్ని పెంచింది ఆ ఊడుపుతోనే. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని సామెత చెప్పిన మహానుభావుడు ఈ యార్డులో ఒక్కపూట కూర్చుని ఉంటే నోరు మూసుకునేవాడు.

పట్నాల్లో ఉల్లి ధర మండినప్పుడు టీవీల్లో ఒకటే గోల. హోటళ్లలో ఉల్లి దోసె మాయమవుతుంది. ఢిల్లీవాళ్లకు చెమటలు పట్టి, బయటి దేశాలకు ఓడలెక్కే ఉల్లికి అడ్డం పడతారు. ఆ పని రాత్రికి రాత్రే అయిపోతుంది. తెల్లారేసరికి ఇక్కడ రైతు ధర నేలకు కొట్టుకుంటుంది. అడ్డం తీయడానికి మాత్రం ఫైళ్లు కావాలి, కమిటీలు కావాలి, నెలల తరబడి ఆలోచనలు కావాలి. ఉల్లి ధర పెరిగితే ప్రభుత్వాలు పడిపోతాయని వాళ్ల భయం. ధర పడితే పడిపోయేది కోడుమూరు రైతు, అతని వెనక చౌడమ్మ. వాళ్లకు ఎవడు భయపడతాడు?

ఈ ఏడు మరీ ఘోరం. తెచ్చిన సరుకుకు బండి బాడుగ కూడా రాదని రైతులు కుప్పలను యార్డులోనే వదిలేసి పోయారు. ఒకాయన తన కుప్పను తనే కాలితో తన్ని, ఏడుస్తూ బస్సెక్కాడు. పైనుంచి వానలు. కుప్పలు కుళ్లి నీరు కారాయి. అప్పుడు దేవేంద్రప్ప కొడుకు భూపేష్, తండ్రి పోయాక మండీ చూసుకుంటున్నవాడు, చౌడమ్మను పిలిచాడు.

"ఊడుపంతా నీదే కదవ్వా. మొత్తం ఎత్తుకపో. ఒక్క గడ్డ ఈడ ఉండగూడదు" అని నవ్వాడు.

బర్రెలు కూడా మూతి తిప్పుకున్న ఆ కుళ్లును ఆమె తట్టలకెత్తి రోజూ యార్డు గోడ అవతలికి మోసింది. కూలి అడిగితే, సరుకు నీదే కదా అన్నాడు భూపేష్. బీపీ మాత్రలు కొనడం ఆ రోజుల్లోనే మానేసింది. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, నిజమే. అక్కడ వరసలో నిలబడితే పొద్దు పోతుంది, ఇక్కడ ఆమె చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. తల తిరిగినప్పుడల్లా ఇన్ని నీళ్లు తాగి మళ్లీ తట్ట ఎత్తుకునేది. ధర రాకపోతుందా, ఈ చాకిరీ తీరకపోతుందా అనుకునేది.

ఈరోజు ధర వచ్చింది.

"పెద్దమ్మా, ఇన్నావా? బయటి దేశాలకు పంపనిస్తారంట" అంటూ హమాలీ నరసన్న సంచి దింపి చెమట తుడుచుకున్నాడు. "మద్రాసోళ్లు ఒకటే ఫోన్లు. గడ్డ బంగారమైపాయ."

"కానీలేప్పా. ఈ పొద్దు మాత్రలు కొనుక్కొనే ఇంటికి పోతా. శానా దినాలాయ" అంది చౌడమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

వేలం ముగిసింది. తూకాలు సాగాయి. చౌడమ్మ కాటా చుట్టూ ఊడ్చి, రాలిన గడ్డలను ఒకచోట చేర్చింది. చిన్న కుప్పే గానీ, గడ్డలు నిగనిగలాడుతున్నాయి. వాటి పక్కన గోనె పరుస్తుంటే భూపేష్ వచ్చి, ఫోను చెవి నుంచి తీయకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవి మన సంచిలోకెత్తు."

"ఇది ఊడుపు కదప్పా."

"ఊడుపూ లేదు గీడుపూ లేదు. ఇప్పుడు గడ్డ గడ్డకూ రేటుండాది."

"మీ నాయన ఇచ్చిన మాటప్పా ఇది. మొన్నటిదాంకా అంతా నీదే ఎత్తుకపొమ్మంటివి. కుళ్లంతా నాతోనే మోయిస్తివి."

"అది మొన్న. ఈ పొద్దు సంగతి చూడు."

రైతు విన్నాడు, వ్యాపారులు విన్నారు, గుమస్తా విన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఎవరి సంచులు వాళ్లు చూసుకున్నారు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లదే ఈ లోకం, ఆ గొడుగు మోసేవాళ్లకు నీడ కూడా దక్కదు.

చౌడమ్మ గొంతు ఆ మండీలో ఎన్నడూ లేవలేదు. ఇప్పుడు లేచింది. "కుళ్లితే నాది, బాగుంటే నీదా? ఇదేం న్యాయమప్పా? మనిషివేనా నువ్వు?"

రెండు చేతులా గడ్డలు ఒడిలోకి ఎత్తుకుని, సంచుల వరసకు ఆనుకుని నేల మీద చతికిలబడింది. "నాది నాకియ్యి. అంతదాంకా లేయను."

"కూచో. ఎంతసేపు కూచుంటావో నేనూ చూస్తా" అని భూపేష్ పక్క కుప్ప దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె కూర్చుంది. కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత తల సంచికి ఆనించింది. చుట్టూ కాటాలు, కేకలు, లెక్కలు మామూలుగానే సాగాయి.

సంచులు ఎక్కించుకోవడానికి లారీ వెనక్కి వచ్చి ఆగింది. నరసన్న ఆమె ఆనుకున్న సంచి దగ్గరికి వచ్చి వంగాడు. "పెద్దమ్మా, రవ్వంత జరుగు." భుజం తట్టాడు. ఆమె తల పక్కకు ఒరిగింది. సగం తెరుచుకున్న కళ్లలో చూపు లేదు. ఒడి వదులై గడ్డలు దొర్లాయి.

హమాలీలు ఆమెను గోనెపట్టా మీద షెడ్డు బయటికి మోశారు. నరసన్న ఏడుస్తూనే ఆమె కూతురికి ఫోను చేశాడు. భూపేష్ వచ్చి చూసి, "పాపం, పెద్ద వయసు" అన్నాడు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. భూపేష్ గుమస్తా వైపు తిరిగి, నేల మీద దొర్లిన గడ్డలను చూపించాడు. గుమస్తా వాటిని ఏరి సంచిలో వేసి, సంచిని కాటాకెత్తించాడు. తూకం రాసుకున్నారు. లారీ వెళ్లిపోయింది.

ఒక్క గడ్డ మాత్రం ఎవరి కంటా పడకుండా కాటా కిందికి దొర్లిపోయింది. ఊడ్చేవాళ్లు లేక, సాయంత్రం యార్డు మూసేదాకా అది అక్కడే ఉంది.