మేకుకు తగిలించిన ఫోను

తడి తువ్వాలుతో ముక్కూ నోరూ బిగించి కట్టుకుని కోటిరత్నం మిరపకాయల కుప్ప ముందు కూర్చునేసరికి షెడ్డు రేకులు ఇంకా వేడెక్కలేదు. ఎడమచేత్తో కాయ అందుకోవడం, కుడిచేతి బొటనవేలి గోటితో తొడిమ గిల్లడం, కాయను గంపలోకి విసరడం. ఆ గోరు ఎప్పుడో నల్లబడి, అరిగి వంకర తిరిగింది. మొగుడు చనిపోయిన ఏడాది నుంచీ పత్తితీతలు అయిపోగానే ఆమె చేతులకు ఇదే పని.

గుంటూరు ఊరవతల కోల్డ్ స్టోరేజీల మధ్య ఉంది ఆ షెడ్డు. లోపల వరసలు కట్టి కూర్చున్న ఆడవాళ్ళ ముఖాలన్నిటికీ తువ్వాళ్ళే. కళ్ళను బట్టీ, దగ్గును బట్టీ మనిషిని గుర్తుపట్టాలి. అక్కడ దగ్గుకి ఎవరూ తల తిప్పరు. మరీ ఎక్కువైతే ఘాటెక్కిందని నోట్లో బెల్లంముక్క వేసి, బయట వేపచెట్టు కింద కూర్చోబెడతారు. కాసేపటికి ఆ మనిషే లేచొచ్చి మళ్ళీ కుప్ప ముందు కూర్చుంటుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కాయ పట్టిన చేతులతో ఒకరినొకరు ముట్టుకోరు. పిలవాలంటే మోచేత్తో పొడుస్తారు.

ముఠా మేస్త్రి అంకమ్మరావు రేకుడబ్బా పట్టుకుని వరసల వెంట వచ్చాడు. ఫోన్లు చేతిలో ఉంటే పని సాగదని రోజూ అందరివీ అందులో వేయించుకుని తాళం పెడతాడు. తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది.

"నీది వద్దులే కోటమ్మా" అన్నాడు రోజూలాగే. "మాట్లాడే ఫోన్లకే తాళం. నీది మేకుకి తగిలించుకో. దిష్టన్నా తగలకుండా ఉండిద్ది."

"అట్టా తీసెయ్యబాక మేస్త్రీ" అంది పక్కనున్న రహమతున్నీసా. "అది గవర్నమెంటు ఫోను. కలెక్టరుగారికి తప్ప ఇంకెవరికీ పోదు."

వరసంతా నవ్వింది.

"నవ్వండే, నవ్వండి" అంది కోటిరత్నం. ఆమెకు కోపం రాలేదు.

అది బటన్ల ఫోను. చలికాలం చివర్లో రీఛార్జ్ అయిపోయింది, మళ్ళీ చేయించలేదు. ముందు దాన్నుంచి ఎవరికీ పోకుండా అయింది, తరవాత ఎవరు చేసినా మోగకుండా అయింది. చీరాలలో మగ్గాల దగ్గరుండే కూతురు శ్రీరమ్యతో మాట్లాడాలంటే రహమతున్నీసాని అడగాలి. అయినా కోటిరత్నం ఆ ఫోనును ఇంట్లో పడేయలేదు. పొద్దున్నే టీకొట్టులో ఛార్జింగ్ పెట్టించి, కారం తగలకుండా పాలిథిన్ కవరులో వేసి, తాడు కట్టి, తన తలకు పైన గోడకున్న మేకుకి తగిలించుకుంటుంది.

దానికో కారణం ఉంది. కాయ కల్లాలకొచ్చిన కొత్తలో ఆమె ఆటో దిగి నడుస్తుంటే, మలుపులో మోటారుసైకిల్ మీద పోయే మనిషి లారీ తగిలి పడ్డాడు. దారినపోయే కానిస్టేబుల్ ఆగాడు. అతని ఫోనులో ఛార్జింగ్ లేదు. ఆమెది అడిగాడు.

"రీఛార్జ్ లేదు సార్."

"పర్లేదమ్మా, ఒకటి ఒకటి రెండు కొట్టు. దానికి అక్కర్లేదు."

కొట్టింది. అవతల ఎవరో అమ్మాయి పలికింది, ఎక్కడమ్మా అని మర్యాదగా అడిగింది. దారి కోటిరత్నమే చెప్పింది. అంబులెన్సు కూత పెట్టుకుంటూ వచ్చింది. ఎక్కించేటప్పుడు ఆ మనిషి కళ్ళు తెరిచి ఆమె వంక చూశాడు. తరవాత బతికాడో లేదో ఆమెకు తెలియదు. కానీ తను పిలిస్తే ఒకళ్ళు పరిగెత్తుకు రావడం ఆమె బతుకులో అదే మొదలు. పత్తికి మందు కొడుతూ మొగుడు నురగలు కక్కుకుని పడిపోయిన నాడు, ఆ చేలో నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. ఎవరూ రాలేదు.

ఫోను సంగతి చెబితే షెడ్డులో ఎవరూ నమ్మలేదు. కానిస్టేబులే ఏదో చేసుంటాడులే అన్నారు. కొట్టి చూపించడానికి ఆమెకు భయం. ఊరికే పిలిస్తే వాళ్ళు తిడతారేమో, నిజంగా పడినవాళ్ళకి అడ్డమవుతుందేమో.

ఆ రోజు ఆటోలో వచ్చేటప్పుడే ఎడమ భుజం లాగుతోంది. ఇరుక్కుని కూర్చున్నందుకనుకుంది. ఎండ రేకుల మీదికెక్కేసరికి ఆ లాగడం దవడలోకి వచ్చింది, రొమ్ము మీద ఎవరో మోకాలు ఆన్చినట్టయింది. తలెత్తి మేకు వంక చూసింది. కవరులో ఫోను కదలకుండా వేలాడుతోంది. అది రోడ్డు మీద పడినవాళ్ళకి, నడిచొచ్చి కూర్చున్నదానికి ఎందుకు అనుకుంది. ఇంకో కాయ అందుకుంది.

మధ్యాహ్నం లారీతోపాటు మేస్త్రి మిర్చి యార్డుకి వెళ్ళాడు.

అన్నాల తరవాత కోటిరత్నానికి దగ్గు మొదలైంది. అందరూ దగ్గుతున్నారు. కాసేపటికి రహమతున్నీసా మోచేత్తో పొడిచింది.

"ఏంది కోటక్కా, చెమట అట్టా కారిపోతంది?"

"ఘాటేలేవే."

"పొయ్యి బయట కూర్చో. బెల్లం తెస్తా."

స్తంభాలు పట్టుకుంటూ కోటిరత్నం చెట్టు కిందికి నడిచింది. రహమతున్నీసా వెనకే వచ్చి, కాగితంలో పట్టుకొచ్చిన బెల్లంముక్క నోట్లో వేసింది. కోటిరత్నం మింగలేదు.

"ఫోను" అంది.

"అమ్మాయికా? సాయంత్రం డబ్బా తీశాక నా దాంట్లోంచి చేద్దాంలే అక్కా. నీది పోదుగా."

కోటిరత్నం తల అడ్డంగా ఊపింది. ఊపిరి చాలక మాట రాలేదు. చెయ్యెత్తి షెడ్డు వైపు చూపించింది.

"నీ కుప్ప ఎవరూ ఎత్తుకుపోరు. నేను చూస్తాగా. కాస్త కళ్ళు మూసుకో" అని రహమతున్నీసా లోపలికి వెళ్ళింది. ఘాటెక్కిన మనిషిని కాసేపు వదిలేస్తే అదే సర్దుకుంటుంది. అందరికీ తెలిసిన సంగతే.

తలుపు సందులోంచి కోటిరత్నానికి మేకు కనిపిస్తోంది. కవరు మీద వెలుగు పడి మెరుస్తోంది. లేద్దామని అరచెయ్యి నేలకు ఆన్చింది. మోచెయ్యి నిలవలేదు. ఎక్కడమ్మా అని అడిగిన ఆ గొంతు గుర్తొచ్చింది. షెడ్డు పేరూ, కోల్డ్ స్టోరేజీ గుర్తూ, మలుపూ, అన్నీ వరసగా మనసులోనే చెప్పుకుంది. చెట్టు మొదలు వీపుకి చల్లగా తగిలింది.

మంచినీళ్ళకని బయటికొచ్చిన మనిషి పెట్టిన కేకకి అందరూ లేచారు. కోటిరత్నం పక్కకి ఒరిగిపోయి ఉంది. బెల్లంముక్క పెదవి దగ్గర ఆగిపోయింది. చెయ్యి చాపినవాళ్ళు చాపినట్టే ఆగి, కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పరిగెత్తారు. ఇద్దరు రాయితో రేకుడబ్బాను బాదారు. మూత సొట్టలు పడింది కానీ తాళం రాలేదు. ఒకతె రోడ్డు మీదికి పోయి లారీలకు చేతులూపుతూ నిలబడింది.

రహమతున్నీసా మాత్రం మేకు వంకే చూస్తోంది. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. చటుక్కున వెళ్ళి, ఫోనును మేకు మీద నుంచి తీయకుండానే, కవరు పైనుంచే నొక్కింది.

అవతల మనిషి పలికింది. ఎక్కడమ్మా అని అడిగింది.

అంబులెన్సు ఆలస్యం చేయలేదు. దిగినతను మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు, ఆమె కనురెప్పలు ఎత్తి చూశాడు. తువ్వాలు ఆమె ముఖం మీద కప్పాడు.

"ఎప్పటినుంచి ఇట్లా ఉందమ్మా?"

"ఘాటనుకున్నామయ్యా" అంది రహమతున్నీసా.

పొద్దుగూకేవేళకు మేస్త్రి వచ్చాడు. మూత సొట్టలు పడి తాళం బిగుసుకుపోయింది. తిప్పి తిప్పి తీశాడు. ఎవరి ఫోను వాళ్ళు తీసుకున్నారు. రహమతున్నీసా గోడవైపు తిరిగి చీరాలకు చేసింది. అవతల శ్రీరమ్య, "ఏం పిన్నీ, అమ్మకివ్వు" అంటోంది.

షెడ్డు ఖాళీ అయింది. కోటిరత్నం కుప్ప సగం అలాగే మిగిలింది. దాని మీద మేకుకి ఫోను వేలాడుతోంది. పాలిథిన్ కవరు మీద, ఒకటీ రెండూ అంకెలున్న చోట, ఎర్రటి కారం మరకలు.