నాలుగు చోట్ల పడిన తాత

టక్... టక్... టక్. తలుపు అవతల చేతికర్ర చప్పుడు ఆగింది. తౌనో తాత తన సగం వినపడని చెవిని తలుపుకు ఆనించాడని లోపలి నలుగురికీ తెలుసు.

రెండు వారాలుగా ఆ ఆసుపత్రి వార్డును నడుపుతున్నది విద్యార్థులే. వైద్యం చదివే ఒత్సో, ఫిజియోథెరపీ నేర్చుకునే అక్సెలి, ఫార్మసీ చదివే సాగా, నర్సింగ్ చదివే తైమి. ముసలివాళ్లను కలిసికట్టుగా చూసుకోవడమే వాళ్ల పాఠం. పెద్ద డాక్టరమ్మ వెనక నిలబడి గమనిస్తుంది, అంతే. తాత రేపు ఇంటికా, వృద్ధాశ్రమానికా అన్నది ఈ పూట తేల్చాలి.

"ఎందుకు పడ్డాడో తేలకుండా ఇంటికి పంపలేం," అన్నాడు ఒత్సో. "వాకిట్లో మంచు మీద జారాడట. నాతో చెప్పాడు."

"మంచేంటి? చాప తట్టుకుందన్నాడు నాతో!" అన్నాడు అక్సెలి.

"నాతో అయితే గుర్తే లేదన్నాడు," సాగా పకపకా నవ్వింది. "భలే తాత!"

విడివిడిగా వెళ్లి, విడివిడిగా అడిగి, విడివిడిగా రాసుకున్న కాగితాలు బల్ల మీద మొదటిసారి పక్కపక్కన చేరాయి. తైమి కాగితంలో ఇంకో చోటు ఉంది, నేలమాళిగ మెట్లు. దాని కింద, స్నానం చేయించేటప్పుడు చూసిన సంగతి కూడా రాసుకుంది. మోచేతి మీద కాలిన మచ్చ. మంచు కాల్చదు, చాప కాల్చదు.

"సౌనా..." అంది తైమి, తాత ఇంటి ఆవిరిస్నానపు గది గుర్తొచ్చి. ఎవరికీ వినపడలేదు. ఆమె మాట ఎప్పుడూ అంతే, పెదవి దాటేలోపే చల్లారిపోతుంది. కానీ ఇప్పుడు ఊరుకుంటే తాత వృద్ధాశ్రమం పాలు.

"సౌనాలో పడ్డాడు! పొయ్యి కాల్చింది!" ఈసారి పైకప్పు అదిరినంత పనైంది.

తలుపు అవతల కర్ర టకటకా పారిపోయింది.

కాఫీ, దాల్చినచెక్క బన్నులు పట్టుకుని నలుగురూ ఒక్కటిగా వెళ్లారు.

"దొరికిపోయావు తాతా," అన్నాడు అక్సెలి.

"చెబితే సౌనా మాన్పించరూ? శనివారం సౌనా లేకపోతే ఇంటికెందుకు, కట్టెలు లెక్కబెట్టుకోడానికా?"

"మాన్పించంలే. ఎలా పడ్డావో చెప్పు," అన్నాడు ఒత్సో.

సౌనాలో మెట్లలా ఉండే బల్లల్లో పై బల్ల మీంచి దిగుతుంటే కళ్లు తిరిగాయట, పొయ్యి మీదికి తూలాడట. సాగా వేలు మాత్రల పట్టీ మీద ఆగింది. రక్తపోటు మాత్ర సరిగ్గా సౌనాకు ముందే! ఒత్సో తాతను కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూశాడు. లేవగానే పడిపోతోంది. మాత్ర వేళ మార్చడానికి డాక్టరమ్మ సంతకం పెట్టింది. అక్సెలి వార్డులోనే పెట్టెలు పేర్చి సౌనా బల్లల్లా కట్టాడు.

"కాసేపు కింది బల్ల మీద కూర్చో తాతా. ఆ తర్వాత నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగు."

తాత మూడుసార్లు దిగాడు. నాలుగోసారి ఎవరూ అడక్కుండానే, దర్జా చూపించడానికి దిగాడు.

"రేపు ఇంటికే," అంది డాక్టరమ్మ.

తాత కర్రను తైమి వైపు తిప్పాడు. "నన్ను పట్టించింది ఈ పిల్లేగా! రోజూ పొద్దున్నే వచ్చి తన పేరేదో గొణుగుతుంది. ఇంత గొంతు పెట్టుకుని నా దగ్గర పిసినారితనమేంటే? ఏదీ, చెప్పు."

ఆమె గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

"తైమి!"