దస్తర్‌ఖాన్ మీద పసుపు

మా బాల్వాడీలో షాహీన్ రెండు నెలలు నోరు విప్పలేదు. నాలుగేళ్ల పిల్ల. గోడవారన కూర్చుని మిగతావాళ్ల ఆట చూసేది. లాలాగూడలో పదకొండేళ్లుగా ఆయాగా చేస్తున్నాను, అంత మౌనంగా ఉండే పిల్లను చూడలేదు.

ఆగస్టులో కల్పలత టీచరు ప్రతి ఇంటి నుంచీ వాళ్లు వాడే వస్తువు ఒకటి ఆటకి పంపమంది. ఎవరింట్లో ఎలా వండుకుంటారో, ఎలా తింటారో పిల్లలు ఆడుతూ తెలుసుకోవాలని ఆమె ఆలోచన. దేవిక వాళ్లు పాత ఇడ్లీ రేకు పంపారు. రోసమ్మ మనవడు క్రిస్మస్‌కు నూనెలో గులాబీ పువ్వులు వేసే ఇనుప గుత్తి తెచ్చాడు. షాహీన్ వాళ్ల నానీ, అంటే అమ్మమ్మ, తెల్లటి దస్తర్‌ఖాన్ కుట్టి పంపింది. వాళ్ల ఇళ్లలో నేల మీద పరిచి, చుట్టూ కూర్చుని తినే గుడ్డ అది. పిల్లలకు సరిపడా చిన్నది, అంచంతా ఆకుపచ్చ దారం.

ఆ గుడ్డ పరిచిన రోజే షాహీన్ మాట్లాడింది. అందర్నీ చెప్పులు విప్పమంది. కాళ్లు లోపలికి పెట్టొద్దంది. ఇడ్లీ రేకులో మట్టి ఉండలు పెట్టి వడ్డించింది. ఆ తరువాత ఆ నోటికి మూత పడలేదు. నాకు పని పెరిగింది.

దసరా సెలవులిచ్చిన రోజు గది కడిగాను. రైల్వే వర్క్‌షాపు ఉన్న చోటు కనక లాలాగూడలో ఆయుధపూజ ఎవరూ మానరు. మా ఆయన దేముడుబాబు తన లేతు మిషనుకు బొట్టు పెట్టాకే పూజ రోజు టిఫిను ముట్టేవాడు. ఆయన పోయాక నా నుదుట బొట్టు లేదు గాని, చీపురుకూ కుక్కరుకూ పెట్టడం మానలేదు. బాల్వాడీ మూసేముందు అదే చేత్తో ఆటవస్తువులకూ, ఆ దస్తర్‌ఖాన్ మూలకూ పసుపు రాసుకుంటూ పోయాను. పిల్లలకు అవే కదా పనిముట్లు అనుకున్నాను. ఒళ్లు అలిసి ఉంది, మళ్లీ ఆలోచించలేదు.

సెలవులయ్యాక షాహీన్‌ను దింపడానికి వచ్చిన నానీ ఆ గుడ్డ మూలన పసుపు చూసింది. గుడ్డ అక్కడే వదిలి పిల్లను వెనక్కి తీసుకుపోయింది. కంగారులో నేను సబ్బు పెట్టి రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో ఇన్నేళ్లు బట్టలు ఉతికినదాన్ని, నాకు తెలియదా? మచ్చ ఎర్రబడి అరచేయంత అయింది.

నాలుగు రోజులు పిల్ల రాలేదు. ఇంట్లో మళ్లీ మాటలు మానేసిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఐదోనాడు ఆయాలకు ఇచ్చే పూట సెలవు అడిగి వాళ్లింటికి నడిచాను.

నానీ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆమెకూ నిద్ర లేనట్టుంది, కళ్ల కింద నల్లబడింది. గుడ్డ ముందు పెట్టాను.

"తెలీక చేసీసినానమ్మా. మంచికే అనుకున్నాను."

"మంచికే పెట్టినవ్, నాకెర్కే. మౌలాలి గుట్ట మీది దర్గాకు మీవోళ్లు సుత వస్తరు, మేమేమన్న అంటున్నమా? గానీ ఇది మా చీజ్, మా ఇంటి సామాన్. పెట్టేముందు జెర అడగొద్దా?"

ఇంతమంది పిల్లల ముక్కులు తుడిచాను, జుట్లు దువ్వాను. ఎవరినీ ఏదీ అడిగిన గుర్తు లేదు.

"నా మీద కోపం పిల్ల మీద చూపించకండమ్మా."

"కోపం గాదు, పరేషాన్," అంది ఆమె. "రేపు ఇంకేం పెడ్తవో అని."

ఇక అడక్కుండా ముట్టుకోనని చెప్పాను. నమ్మిందో లేదో. చాలాసేపు కాయలు ఒలిచి, సోమవారం పంపుతానంది. గుడ్డ మాత్రం రాదంది. తలుపు చాటున నిలబడ్డ షాహీన్ నావైపు చూసి లోపలికి పోయింది.

సోమవారం పొద్దున్న ఆ పిల్ల మళ్లీ గోడవారన కూర్చుంది. పదకొండు దాటాక లేచి, పాత పేపరొకటి తెచ్చి నేల మీద పరిచింది. పిల్లలు చుట్టూ చేరి ఉత్తుత్తి చాయ్ తాగడం మొదలుపెట్టారు. ఒక మూల మడతపడితే సరిచేయబోయాను. నా వేలు పట్టి ఆపింది.

"అడగాలె," అంది.

అడిగాను. ఆ పిల్ల తొందరపడలేదు. నడుము లాగుతున్నా వంగినదాన్ని అలాగే ఉన్నాను.

"ఇప్పుడు గాదు. చాయ్ అయినంక."

చాయ్ అయ్యేదాకా నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.