ఎనిమిది గంటల మైకు

లారీ అంచు నుంచి బియ్యం బస్తా వీపు మీదికి జారగానే ఏసన్న నడుము వంచి, కొక్కేన్ని బస్తా మూతికి తగిలించాడు. యాభై కిలోలు. అక్కడి నుంచి అంగడి గడపకు ఇరవై రెండు అడుగులు. ముప్ఫై ఏళ్లుగా బద్వేలు బజారులో ఆయన చేసే పని ఇంతే, గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

పోయినేడాది మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. కూడలిలో మైకు పెట్టారు. రోజూ ఎనిమిదింటికి జాతీయగీతం; ఎక్కడివాళ్లక్కడ ఆగాలి. మొదటి వారంలోనే ఏసన్న బరువుతో నాలుగడుగులు వేశాడు. ఎవడో ఫోనులో తీశాడు. సాయంత్రానికి ఊరంతా చూసింది. దేశమంటే లెక్కలేదా అని ముక్కూముఖం తెలియనివాళ్లు తిట్టారు. నీడన కూర్చుని తిట్టేవాళ్లకేం, వాళ్ల వీపు మీద బస్తా ఉందా! ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఒక్కరోజూ కదల్లేదు. మళ్లీ ఆ మాట పడటం కంటే మోకాళ్లు పోయినా నయమనుకున్నాడు.

ఈ ఉదయం ఎడమ చెయ్యి లాగుతోందంటే భార్య ప్రేమమ్మ పనికి పోవద్దంది. వినలేదు. లారీ ఆలస్యంగా వచ్చింది. కోసిగి నుంచి వలస వచ్చిన జతగాడు చిన్న ఈరన్న ముందే చెప్పాడు.

“టైమయితాండాది. మైకు అయినాక ఎత్తుకుందువు లేన్నా.”

“ఈ ఒక్కటి దించొస్తా. గడప ఈడే ఉండాది గదా.”

పన్నెండో అడుగులో మైకు మోగింది. ఏసన్న ఆగాడు. బండ్లు ఆగాయి, బజారంతా ఆగింది. ఛాతీలో ఏదో బిగుసుకుంది, చెమట కళ్లలోకి దిగింది. బస్తా దించాలంటే ఇంకొకరు చెయ్యి వేయాలి. రెండడుగుల దూరంలో ఈరన్న నిటారుగా నిలబడి ఉన్నాడు.

“ఈరన్నా, పట్టుకోప్పా,” అన్నాడు, పక్కవాళ్లకు వినపడకుండా.

ఈరన్న ఎదురంగట్లో ఎవరో పైకెత్తిన ఫోను వైపు చూశాడు. కదల్లేదు.

ఏసన్న మెల్లగా మోకాళ్ల మీదికి వచ్చాడు. బస్తా ఆయన మీదికే ఒరిగింది. గీతం ముగిశాక అందరూ పరుగెత్తుకొచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది.

మూడో రోజు ఎనిమిదింటికి మైకు మళ్లీ మోగింది. అంగట్లో ఈరన్న ఉత్త చేతులతో నిలబడ్డాడు. ఏడుపొచ్చింది; తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు. ఎదురుగా, ఎవరూ ముట్టని ఆ బస్తా మూతికి ఏసన్న కొక్కెం ఇంకా తగిలే ఉంది. దాని పిడికి ప్రేమమ్మ చుట్టిన పాత చీరపేలిక చెమట ఎండి తెల్లగా ఉప్పు కట్టింది.